పోతపాల పోలిక ఇక చాలు

ఆగస్టు నెలలో తెలుగువాళ్ళకి పాల గురించి రెండు విడతల ఉపన్యాసాలు ఉంటాయి. మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు. నెలాఖర్న, 29వ తేదీ, గిడుగు రామమూర్తి పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం. మొదటి విడతలో డాక్టర్లు పాలని పాలుగానే మాట్లాడతారు. రెండో విడతలో పాలు భాష అయిపోతాయి. మాతృభాష తల్లిపాలు, పరాయి భాష పోతపాలు. ఈ పోలిక ఎవరు మొదలుపెట్టారని ఇప్పుడెవరూ అడగరు. మైకు పనిచేస్తోందా లేదా అని చూసుకోవడానికి వాడే "హలో, హలో" లాగా అయిపోయింది. అనకపోతే సభ మొదలైనట్టు ఉండదు.

గత ఏడాది ఆ రోజు ప్రొద్దుటూరులో ఒక సభకి వెళ్ళాను. మాది కలమల్ల. తెలుగులో దొరికిన మొట్టమొదటి శాసనం మా ఊరిదే కాబట్టి, ఇలాంటి సభల్లో మా ఊరివాళ్ళకి కాస్త ముందు వరసలో కుర్చీ దొరుకుతుంది. నా భార్య, పదినెలల పాప కూడా వచ్చారు. వేదిక మీద ఒక పెద్దాయన పోలిక అందుకున్నారు. తల్లిపాలు తాగిన బిడ్డ బలంగా, తెలివిగా ఉంటాడు, డబ్బాపాల బిడ్డ ఊరికే ఉబ్బుతాడు, ఇంగ్లీషు మీడియం పిల్లలు అలాంటివాళ్ళే అని. చప్పట్లు. నేనూ అలవాటుగా రెండు చేతులూ కలిపి, సగంలో ఆపేశాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. పాపకి పాలవేళ అయింది. నా భార్య బయట మెట్ల మీద, గోడ వైపు తిరిగి కూర్చుని, పాలసీసా మీద చున్నీ కప్పి పాపకి పడుతోంది. రొమ్ము కప్పుకునే ఆడవాళ్ళని చూశాను గానీ, సీసాకి చున్నీ కప్పడం అదే మొదటిసారి చూడటం.

ఆ సీసాలో ఉన్నది ఆమె పాలే. పొద్దున్నే పిండి ఫ్రిజ్‌లో పెట్టి, ఐస్ డబ్బాలో తెచ్చుకున్న పాలు. ఇప్పుడు చెప్పండి, అవి తల్లిపాలా, పోతపాలా?

ఈ ప్రశ్నకి ఆ పోలిక దగ్గర జవాబు లేదు. పోలికకి జవాబు లేకపోతే పెద్ద నష్టమేం లేదు, సాహిత్యంలో పనికిరాని పోలికలు బోలెడు. కానీ ఇది మెట్ల మీద కూర్చున్న ఒక మనిషిని గోడ వైపు తిప్పింది. అందుకే దీని మీద నా ఫిర్యాదు.

*

ముందు మా ఇంటి సంగతి. మా పాప 33 వారాలకే పుట్టింది. ఆ వయసు పిల్లలకి చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిపి చేయడం ఇంకా రాదు. రొమ్ము నోటికి అందించినా లాగలేరు. ఆసుపత్రిలో నర్సు ఒక చిన్న ముక్కు ఉన్న గిన్నె తెచ్చి, పిండిన తల్లిపాలు అందులో పోసి, పెదవి అంచు మీద ఆనించి, బొట్టుబొట్టుగా పట్టడం నేర్పింది. దాన్ని పాలాడై అంది. మా జేజి దగ్గరికొచ్చి చూసి, "ఇదేంది నాయనా, మన ఉగ్గుగిన్నెనే గదా. దీనికి ఇంత పేరు పెట్టినారా?" అంది.

జేజి మాట నాకు చాలా రోజులు గుర్తుంది. మన భాషలో ఒక విషయం మనకి పుట్టుకతో వచ్చిందని చెప్పడానికి ఏమంటాం? ఉగ్గుపాలతో వచ్చిందంటాం. దేశభక్తి, సంగీతం, పౌరుషం, ఆఖరికి తెలుగు కూడా ఉగ్గుపాలతోనే వస్తుంది. ఉగ్గు అంటే ఏంటి? చనుబాలలో ఆముదమో మూలికో రంగరించి, గిన్నెతో, పాప నోట్లో, ఎవరో ఒకరు కూర్చుని పోసేది. అది పోసేది ఎక్కువగా జేజి, అవ్వ, మేనత్త. అంటే మన భాష "ఇది అచ్చంగా నాది" అని గట్టిగా చెప్పాలనుకున్నప్పుడు ఎంచుకున్న పాలు, రొమ్ము నుంచి నేరుగా వచ్చినవి కావు. గిన్నెలోంచి వచ్చినవి, తల్లి కాని మరో చెయ్యి పోసినవి. పోత అంటే పోయడమే కదా. ఉగ్గుపాలు కూడా పోతపాలే.

(ఇది చదివి ఎవరూ పసిబిడ్డకి ఆముదం పట్టకండి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దని డాక్టర్లు చెప్తారు. మా డాక్టరమ్మ కూడా జేజికి అదే చెప్పింది. గిన్నె ఉంచుకుంది, ఆముదం మానేసింది. జేజిలో ఉన్న ఈ వివేకం మన ఉపన్యాసకుల్లో ఉంటే ఈ వ్యాసం అవసరం పడేది కాదు.)

*

పాపకి ఐదున్నర నెలలప్పుడు నా భార్య సెలవు అయిపోయింది. ప్రొద్దుటూరులో బ్యాంకు ఉద్యోగం. 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, మంచిదే. కానీ ఆ 26 వారాల్లోనే కాన్పుకి ముందు తీసుకున్నవీ లెక్క. మంచం దిగొద్దని డాక్టరు చెప్పడంతో ఆమె రెండు వారాల ముందే సెలవు పెట్టింది. ఆరు నెలలు తల్లిపాలే పట్టమని వేదికల మీద చెప్తాం, ఆరు నెలలు నిండకముందే బ్యాంకుకి రమ్మంటాం. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలో మా ఇంట్లోకి ఆరు సీసాలు వచ్చాయి. నాకు కంపెనీ ఇచ్చిన సెలవు ఐదు రోజులు. ఆ తరవాత ఇంటి నుంచి పని అడిగి తీసుకుని కలమల్లలో ఉండిపోయాను. కాబట్టి ఆ సీసాల పని నాదీ, జేజిదీ అయింది.

ఒక్కో సీసాకి ఐదు ముక్కలు: సీసా, రింగు, పాలపీక, లోపల చిన్న బిళ్ళ, పైన మూత. ఆరు సీసాలు, ముప్పై ముక్కలు. ముప్పైనీ విడదీయాలి. నేరుగా సింకులో వేయకూడదు, సింకులో ఇంటి అంట్లన్నిటి మురికీ ఉంటుంది. వాటికి విడిగా ఒక తొట్టి, విడిగా ఒక బ్రష్. పీక రంధ్రంలోంచి నీళ్ళు చిమ్మి చూడాలి. తరవాత ఉడికించడమో ఆవిరి పట్టడమో. తరవాత ఆరబెట్టడం. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. వంటింటి గుడ్డతో తుడుస్తారు. ఆ గుడ్డ మీద ఉన్న క్రిములన్నీ సీసాలోకి వెళ్తాయి. తుడవకూడదు, గాలికి వాటంతటవే ఆరాలి. పూర్తిగా ఆరాకే మూసి పెట్టాలి. తడి ఉండగా మూత బిగించి అల్మరాలో పెడితే, అల్మరా ఎంత అందంగా ఉన్నా లోపల బూజు ఫ్యాక్టరీ నడుస్తుంది.

పిండిన పాలు గదిలో నాలుగు గంటలు ఉంటాయని చదివాను. ఆ గది 25 డిగ్రీలు ఉంటే అన్న షరతు తరవాత చదివాను. మే నెలలో ఎర్రగుంట్ల వైపు మధ్యాహ్నం ఎంత ఉంటుందో ఆ మార్గదర్శకాలు రాసినవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, ఊరి పక్కనే థర్మల్ పవర్ స్టేషను. కాబట్టి మా ఇంట్లో గది లెక్క లేదు, ఫ్రిజ్ లెక్కే. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. తలుపు అరలో కాదు, తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది. వెనక్కి, గోడకి ఆనించి పెట్టాలి. పాప సగం తాగి వదిలేసినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. ఒక అమ్మ బ్యాంకు స్టోరు గదిలో తలుపు గడియ పెట్టుకుని పిండిన పాలని సింకులో పారబోయడం ఎలా ఉంటుందో పారబోసినవాళ్ళకే తెలుస్తుంది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, మొదట ఒక స్ప్రెడ్‌షీట్ చేశాను. ఏ సీసా, ఎన్ని మిల్లీలీటర్లు, ఎప్పుడు పిండినవి, ఎప్పటిలోగా వాడాలి. రెండో రోజే కుప్పకూలింది, ఎందుకంటే జేజికి చదవడం రాదు. మూడో రోజు ఆమె తన పద్ధతి పెట్టింది. వంటింట్లో కడప బండ అరమరలు ఉన్నాయి, మా చుట్టుపక్కల తవ్విన రాయే. పై అరలో ఎడమ పక్క కడగాల్సినవి, నడుమ ఆరేవి, కుడి పక్క వాడొచ్చు. ఎవరూ చెయ్యి అడ్డదిడ్డంగా పెట్టకూడదు. ఫ్రిజ్‌లో ఉన్న సీసాలకి రబ్బరు బ్యాండ్లు: పొద్దున పిండినవైతే ఒకటి, రాత్రివైతే రెండు. కొత్తది ఎప్పుడూ వెనక, పాతది ముందు. మా భాషలో దీన్ని క్యూ అంటాం, ముందొచ్చింది ముందు పోవాలి. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు చదివింది జేజి మూడు రోజుల్లో చేసింది. మా నీళ్ళు గట్టివి, స్టెరిలైజర్ అడుగున వారానికే తెల్లగా సుద్ద పేరుకుంటుంది. దానికి నిమ్మ ఉప్పు వేసి మరిగించమన్నది కూడా ఆమే.

*

ఇప్పుడు రెండో శత్రువు. పోలిక చెప్పే పెద్దాయనకి పాలసీసా అంటే పాపం. మన తరం ఫోన్లలో అదే సీసా పుణ్యం. పాలసీసాలు సర్దుకోవడం మీద వీడియోలు కొన్ని చూడండి. తెల్లటి అల్మరా, వెదురు డబ్బాలు, అందమైన అక్షరాల లేబుళ్ళు, రంగు ప్రకారం వరస. అన్నీ ఎండి మెరుస్తుంటాయి. కడగాల్సినవి ఒక్కటీ కనపడవు. ఆరేవి కనపడవు. చెయ్యి కనపడితే గోళ్ళ రంగుతో కనపడుతుంది, నానిన వేళ్ళతో కాదు. ఈ వీడియోలు సర్దడం గురించి కాదు, సర్దేవాళ్ళని దాచడం గురించి. పైగా సీసా మీద కంపెనీ పేరు ఎప్పుడూ కెమెరా వైపే తిరిగి ఉంటుంది.

మన దేశంలో పాలసీసాకి ప్రకటన ఇవ్వడం నేరమని ఎంతమందికి తెలుసు? 1992లో వచ్చిన చట్టం, 2003లో ఇంకా బిగించారు. డబ్బాపాలకే కాదు, సీసాలకి కూడా ప్రకటనలు, ఉచిత నమూనాలు, బహుమతులు నిషిద్ధం. ఆ చట్టం ఊరికే రాలేదు. 1939లోనే సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు సింగపూర్ రోటరీ క్లబ్బులో నిలబడి, పిల్లలకి పనికిరాని పాలు అమ్మడాన్ని హత్య అని పిలిచింది. 1970లలో పేద దేశాల్లో డబ్బాపాల అమ్మకాల మీద ప్రపంచమంతా గొడవ జరిగింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ నియమావళి తెస్తే 118 దేశాలు అవునన్నాయి, ఒక్క అమెరికా కాదంది. శుభ్రమైన నీళ్ళు లేనిచోట సీసా చంపుతుంది. ఇందులో నాకు అనుమానం లేదు. ఆ చట్టం నాకు ఇష్టమైన చట్టాల్లో ఒకటి.

అందమైన ఇంటి సలహా చంపడం కొత్త కాదు కూడా. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో పొడుగాటి రబ్బరు గొట్టం ఉన్న పాలసీసాలు ఫ్యాషను. పాప పడుకునే తాగొచ్చు, అమ్మ చెయ్యి ఖాళీ. గొట్టం లోపల కడగడం అసాధ్యం. ఆ రోజుల్లో ఇల్లాళ్ళకి వేదం లాంటిది 1861లో వచ్చిన బీటన్ గారి గృహనిర్వహణ పుస్తకం. పీక ఒకసారి బిగించాక రెండు వారాల దాకా తీయనక్కరలేదన్నట్టు అందులో ఉంది. తరవాత ఆ సీసాలకి జనం పెట్టిన పేరు హంతక సీసాలు. ఫ్రాన్స్ 1910లో వాటిని నిషేధించింది. ఆ పుస్తకం చూపించిన ఇల్లు కూడా ఎంతో పొందికగా ఉండేది. పొందిక వేరు, శుభ్రం వేరు. పొందిక చూసేవాళ్ళ కోసం, శుభ్రం తాగేవాళ్ళ కోసం.

పెద్దాయనా, వీడియో పిల్లా ఒకరికొకరు వ్యతిరేకం అనుకుంటాం. కాదు. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు. ఒకరు సీసా చూపించి తల్లిని తిడతారు, ఒకరు సీసా చూపించి తల్లికి ఆశ పెడతారు. సీసా కడిగే గంటన్నర ఇద్దరి లెక్కల్లోనూ లేదు.

*

ఇది సాహిత్య పత్రిక కాబట్టి సాహిత్యం దగ్గరికి వస్తాను. అమ్మ మీద తెలుగులో ఉన్నంత కవిత్వం బహుశా వాన మీద కూడా లేదు. పాల మీద, రొమ్ము మీద, లాలి మీద ఎంత కావాలంటే అంత. ఇందులో ఎక్కువ భాగం మగవాళ్ళు రాసింది, తాగినవాళ్ళ వైపు నుంచి రాసింది. పట్టినవాళ్ళ వైపు నుంచి చూడటం స్త్రీవాదులు వచ్చాకే గట్టిగా మొదలైంది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాశారు, విమల 'వంటిల్లు' రాశారు, పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాశారు. కాన్పు గది నుంచి పొయ్యి దాకా వాళ్ళు దారి వేశారు. ఆ దారిలో మగవాళ్ళం ఎంత దూరం నడిచాం? నేను చదివినంతలో, రాత్రి పదకొండింటికి పాలపీకలోంచి నీళ్ళు చిమ్మి చూసే తండ్రి తెలుగు కథలో నాకు దొరకలేదు. దొరికితే పంపండి, ఈ వ్యాసం కింద క్షమాపణ రాస్తాను. తండ్రులు మన కథల్లో త్యాగాలు చేస్తారు, అప్పులు చేస్తారు, పొలాలు అమ్ముతారు. సీసాలు కడగరు.

పోలికలో కూడా అదే కథ. తల్లిపాలు, పోతపాలు అని రెండు ముక్కలు చేసినప్పుడు, రెండింటి బాధ్యతా తల్లి మీదే పడింది గమనించారా? ఇస్తే దేవత, ఇవ్వకపోతే దోషి. ఆ వాక్యంలో తండ్రి ఎక్కడా లేడు. తండ్రి మైకు దగ్గర ఉన్నాడు.

*

"అయితే నువ్వు ఇంగ్లీషు మీడియం పక్షమా?" అని అడుగుతారని తెలుసు. కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామని జీవో ఇచ్చినప్పుడు, 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు కూడా, చిన్న పిల్లలకి తెలుగులో పాఠం ఉండాలనే నా మాట. కానీ ఆ మాట గెలవాలంటే చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. తెలుగులో మంచి సైన్సు పుస్తకాలు ఎన్ని, బడిలో టీచర్లు ఎంతమంది, తెలుగులో చదివినవాడికి ఉద్యోగం దొరుకుతుందా లేదా. ఇవి కష్టమైన ప్రశ్నలు, బడ్జెట్ ప్రశ్నలు. పాల పోలిక వీటన్నిటినీ తప్పించుకునే అడ్డదారి. తన పిల్లవాణ్ణి ఇంగ్లీషు బడిలో వేసిన కూలి మనిషిని నువ్వు బిడ్డకి పోతపాలు పట్టావంటే ఆమె బడి మార్చదు, మన సభకి రావడం మానేస్తుంది. నా భార్య మానేసింది.

ఇంకో మాట కూడా అంటారు: "పోలికని పోలికగా చూడాలి, అంత పట్టించుకుంటే ఎలా?" పోలిక ఒక మనిషికి తగిలినప్పుడు అది పోలిక మాత్రమే కాదు. నల్లరంగుని చెడుకి పోలికగా వాడటం ఎందుకు తప్పో మనం నేర్చుకున్నాం. గుడ్డి, చెవిటి, గొడ్రాలు అన్న మాటల్ని తిట్లుగా వాడటం మానుకుంటున్నాం. పోతపాలు కూడా ఆ జాబితాలోకి చేరాలి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల తల్లులు, పాలు రాని తల్లులు, మందుల వల్ల ఇవ్వకూడని తల్లులు, బిడ్డని దత్తత తీసుకున్నవాళ్ళు, తల్లి లేని బిడ్డని పెంచే జేజిలు, అందరూ ఆ కుర్చీల్లోనే కూర్చుని ఉంటారు. చప్పట్లు కొట్టేవాళ్ళలో వాళ్ళు లేకపోవడం గమనించండి.

మా ఊరి శాసనం సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఈ సభల్లో దాని పేరు కూడా ఎక్కువగా వాడేస్తారు. చెన్నకేశవ సిద్ధేశ్వర ఆలయం దగ్గర దొరికిన విరిగిన రాయి, క్రీ.శ. 575 ప్రాంతం, రేనాటిని ఏలుతున్న ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలం. 2008లో తెలుగుకి ప్రాచీన హోదా వచ్చాక దాని గొప్ప ఇంకా పెరిగింది. ఆ రాతిలో ఏముంది? తల్లిభాష మీద పొగడ్త లేదు. ఎవరు ఏలుతుండగా, ఎవరి ఆజ్ఞతో, ఏ ఊళ్ళ విషయం, తప్పితే ఏ పాతకం. అంతే. సంస్కృతంలోనూ ప్రాకృతంలోనూ రాసే రోజుల్లో రేనాటి వాళ్ళు ఊరి పనిని ఊరి మాటలో రాశారు. తెలుగు రాతిమీదకి ఎక్కింది పనిలోకి దిగినందువల్ల. తెలుగుని కాపాడాలనుకునేవాళ్ళు కూడా దానికి పని చెప్పాలి. పాలసీసా ఎలా కడగాలో, పిండిన పాలు మన ఎండల్లో ఎంతసేపు నిలుస్తాయో, నాకు కావాల్సిన రాత్రి తెలుగులో సరిగ్గా ఒక పేజీ దొరకలేదు. అన్నీ ఇంగ్లీషులో చదివి జేజికి చెప్పాను. భాష గురించి బాధపడాల్సింది అక్కడ.

సభ నుంచి వచ్చిన రాత్రి జరిగిందంతా జేజికి చెప్పాను. ఆమె ఆరిన సీసాలు కుడి పక్కకి జరుపుతూ విని, ఒకటే అడిగింది: "ఆ పెద్దాయన యెప్పుడన్నా ఒక డబ్బా కడిగినాడంటనా?"

అడగలేదు జేజీ. ఈసారి ఆగస్టులో అడుగుతాను.